భారం కింద ఘన పదార్థాలు: ప్రతిబలం, వికృతి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతిబలం అంటే ఏమిటి? వస్తువు మీద పడే బలానికీ దానికీ తేడా ఏమిటి?

వస్తువు మీద బయటి నుంచి పనిచేసేది బలం. ఆ బలానికి లోనైన వస్తువు లోపల ఒక భాగం తన పక్కనున్న భాగాన్ని ఎంత తీవ్రతతో లాగుతోందో, నొక్కుతోందో, పక్కకు జరపజూస్తోందో చెప్పేది ప్రతిబలం. ఇంజనీర్లు రోజువారీ మాటల్లో దీన్నే స్ట్రెస్ అంటారు. ఈ తేడా మనసుకు పట్టాలంటే ఒక అలవాటు చేసుకోవాలి. వస్తువును ఊహలో ఒక తలం వెంట కోసి, ఒక ముక్కను పక్కన పెట్టి, మిగిలిన ముక్క కదలకుండా నిలవాలంటే కోసిన ముఖం మీద ఎంత బలం, ఏ దిశలో ఉండాలో చూడాలి. ఆ బలాన్ని ఆ ముఖం వైశాల్యంతో భాగిస్తే సగటు ప్రతిబలం వస్తుంది. కింది జవాబులు దాదాపు అన్నీ ఈ ఊహాకోత మీదే నడుస్తాయి.

ఉదాహరణకు, 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు కడ్డీని 31,400 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 3,200 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో, లాగుతున్నాం అనుకుందాం. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 314 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లు, అంటే 100 మెగాపాస్కల్‌లు అవుతుంది. అదే బలాన్ని 10 మిల్లీమీటర్ల కడ్డీ మీద వేస్తే వైశాల్యం నాలుగో వంతుకు తగ్గి, ప్రతిబలం 400 మెగాపాస్కల్‌లకు చేరుతుంది. బయటి బలం మారలేదు, పదార్థమూ మారలేదు, అయినా మొదటి కడ్డీ నిశ్చింతగా ఉంటే రెండోది, మామూలు మెత్తని ఉక్కుతో చేసినదైతే, తెగే స్థితి అంచున ఉంటుంది. ఈ భావనను వస్తువు లోపలి ఏ బిందువుకైనా, ఏ దిశలో కోసిన తలానికైనా వర్తించేలా గణితరూపంలో నిలబెట్టినవాడు ఫ్రెంచ్ గణితవేత్త కోషీ. ఆయన ఆ పనిని 1822లో మొదలుపెట్టాడు.

వికృతి అంటే ఎంత పొడవు సాగిందనేనా?

కాదు, సాగిన పొడవును మొదటి పొడవుతో పోల్చిన నిష్పత్తి. రెండు మీటర్ల కడ్డీ ఒక మిల్లీమీటరు సాగితే వికృతి 0.0005, ఒక మీటరు కడ్డీ ఒక మిల్లీమీటరు సాగితే 0.001. పొడవును పొడవుతో భాగిస్తున్నాం కాబట్టి దీనికి ప్రమాణం ఉండదు. లోహాల్లో ఈ సంఖ్యలు కంటికి ఆననంత చిన్నవి, అందుకే భారం మోస్తున్న దూలం, కడ్డీ, గొలుసు అన్నీ బిగుసుకుపోయి కదలకుండా ఉన్నట్టు మనం భ్రమపడతాం. నిజానికి భారం పడిన ప్రతి ఘన వస్తువూ ఎంతో కొంత ఆకారం మార్చుకుంటుంది. మార్చుకోకపోతే ఆ భారాన్ని ఎదిరించే బలమే దాని లోపల పుట్టదు. పరమాణువులు తమ సమతాస్థితి నుంచి కాస్త జరిగినప్పుడే వాటి మధ్య వెనక్కు లాగే బలం పుడుతుంది.

హుక్ నియమం ఏం చెబుతుంది? అది ఎంతవరకు వర్తిస్తుంది?

ఒక హద్దు దాటనంతవరకు ప్రతిబలం వికృతికి అనుపాతంలో ఉంటుందని చెబుతుంది. రాబర్ట్ హుక్ ఈ సంగతిని 1676లో అక్షరాలు తారుమారు చేసిన ఒక పొడుపుమాటగా ప్రకటించి, 1678లో దాని లాటిన్ విడుపు బయటపెట్టాడు: సాగుదల ఎంతో బలమూ అంత. అయితే హుక్ మాట్లాడింది స్ప్రింగులు, తీగల వంటి వస్తువుల గురించి. వస్తువు కొలతలతో సంబంధం లేకుండా పదార్థానికే చెందిన సంఖ్య కావాలంటే బలానికి బదులు ప్రతిబలాన్నీ, సాగుదలకు బదులు వికృతినీ తీసుకోవాలి. ఆ రెండింటి నిష్పత్తికి 1807లో ఈ విషయం గురించి రాసిన థామస్ యంగ్ పేరు మీద యంగ్ గుణకం అన్న పేరు స్థిరపడింది.

ఉక్కుకు ఈ గుణకం సుమారు 200 గిగాపాస్కల్‌లు (ఒక గిగాపాస్కల్ అంటే వెయ్యి మెగాపాస్కల్‌లు), అల్యూమినియానికీ సాధారణ గాజుకూ దాదాపు 70, కాంక్రీటుకు సుమారు 25 నుంచి 30. పై కడ్డీ లెక్కను ఇప్పుడు పూర్తిచేయవచ్చు: 100 మెగాపాస్కల్‌లను 2,00,000 మెగాపాస్కల్‌లతో భాగిస్తే వికృతి 0.0005. అంటే మూడు టన్నులకు పైగా బరువు వేలాడుతున్నా రెండు మీటర్ల కడ్డీ సాగేది ఒక్క మిల్లీమీటరే.

రబ్బరు కంటే ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువ అంటారు. అది ఎలా కుదురుతుంది?

ఇక్కడ మూడు వేరువేరు గుణాలను ఒకే మాటలో ఇరికించడం వల్ల గందరగోళం పుడుతోంది. ఎంత భారానికి ఎంత సాగుతుందన్నది దృఢత్వం, దాన్ని కొలిచేది యంగ్ గుణకం. ఎంత ప్రతిబలం దగ్గర లొంగిపోతుంది లేదా తెగుతుందన్నది పటుత్వం. ఎంత దూరం సాగి కూడా మళ్ళీ పూర్వస్థితికి రాగలదన్నది మూడోది. పాఠ్యపుస్తకం స్థితిస్థాపకతను గుణకంతో కొలుస్తుంది కాబట్టి అక్కడ ఉక్కు గెలుస్తుంది, జనం సాగి వెనక్కు వచ్చే దూరాన్ని చూస్తారు కాబట్టి అక్కడ రబ్బరు గెలుస్తుంది. రెండు మాటలూ వాటి వాటి అర్థంలో సరైనవే.

ఈ తేడా పట్టించుకోకపోతే నష్టం పరీక్షలో మార్కులతో పోదు. దూలం ఎక్కువగా కుంగుతోందని అంతకంటే పటుత్వం ఎక్కువున్న రకం ఉక్కుతో, అదే కొలతల్లో, మళ్ళీ చేయిస్తే కుంగుబాటులో దాదాపు ఏ మార్పూ కనిపించదు. మెత్తని ఉక్కుకైనా, ఎంతో గట్టి మిశ్రమ ఉక్కుకైనా యంగ్ గుణకం ఇంచుమించు ఒక్కటే. పెరిగింది తట్టుకునే హద్దు మాత్రమే. కుంగుబాటు తగ్గాలంటే ఆకారం మార్చాలి, లేదా పొడవు తగ్గించాలి.

కడ్డీని తెగేదాకా లాగితే మధ్యలో ఏమేం జరుగుతుంది?

లాగుడు పరీక్షను ఒక్కసారైనా దగ్గర నిలబడి చూడాలని ఈ విషయం చదివే ప్రతివారికీ చెప్పాలనిపిస్తుంది. మెత్తని ఉక్కు నమూనాను యంత్రపు దవడల మధ్య బిగించి లాగడం మొదలుపెడితే, మొదట్లో బలం సూచించే ముల్లు నిలకడగా పైకి పోతుంది, నమూనాలో కంటికి ఏ మార్పూ తెలియదు. ప్రతిబలం సుమారు 250 మెగాపాస్కల్‌ల దగ్గరికి చేరేసరికి ముల్లు ఉన్నట్టుండి తడబడి, కాస్త వెనక్కు జారి, అక్కడక్కడే ఊగుతుంది. బలం పెరగకపోయినా కడ్డీ సాగుతూనే ఉంటుంది. కొలిమి నుంచి వచ్చిన నల్లని పొర నమూనా మీద అలాగే ఉంటే, సరిగ్గా ఈ ఘట్టంలో అది అక్షానికి సుమారు 45 డిగ్రీల వాలులో గీతలు గీతలుగా పెళుసుబారి రాలుతుంది. ఇదే యీల్డ్ స్థానం. దీని తర్వాత భారం తీసేసినా కడ్డీ పూర్తిగా మొదటి పొడవుకు రాదు.

ఆ పైన లోహం మళ్ళీ గట్టిపడి, ఇంకా సాగాలంటే ఇంకా బలం కావాలంటుంది. సన్నని ఇనుప తీగను ఒకేచోట వంచి మళ్ళీ తిన్నగా చేయబోతే సరిగ్గా ఆ వంపు దగ్గరే తీగ మొరాయించడానికి కారణం ఇదే. చివరికి ఒకచోట నమూనా సన్నబడి మెడలా నొక్కుకుపోతుంది. అప్పటినుంచి సాగుదలంతా ఆ మెడలోనే జరుగుతుంది, ముల్లు కిందికి దిగుతుంది, పెద్ద చప్పుడుతో కడ్డీ తెగుతుంది. తెగిన కొనను తాకితే వెచ్చగా ఉంటుంది. ఒక కొన గిన్నెలా గుంటపడి, రెండోది దానిలో ఇమిడే శంకువులా కనిపిస్తుంది.

చివర్లో బలం తగ్గింది కదా, ప్రతిబలం కూడా తగ్గినట్టేనా అని చాలామంది అడుగుతారు. లేదు. గ్రాఫులో మొదటి వైశాల్యంతో భాగించిన విలువను గీస్తారు కాబట్టి అలా కనిపిస్తుంది. మెడ దగ్గర అప్పుడున్న అసలు వైశాల్యంతో భాగిస్తే ప్రతిబలం తెగేదాకా పెరుగుతూనే ఉంటుంది.

ఇదే పరీక్ష పోత ఇనుముతో చేస్తే ముల్లు తడబడడం గానీ, మెడ ఏర్పడడం గానీ ఉండదు. కడ్డీ హఠాత్తుగా అక్షానికి అడ్డంగా, గరుకైన ముఖంతో విరిగిపోతుంది. పెళుసు పదార్థం ముందుగా హెచ్చరించదు.

నిలువుగా లాగుతుంటే 45 డిగ్రీల గీతలు ఎందుకు పడాలి?

ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న. ఊహాకోతను ఇప్పటిదాకా అక్షానికి అడ్డంగానే కోశాం, అందుకే ముఖం మీద లాగుడు మాత్రమే కనిపించింది. కోతను ఏటవాలుగా తిప్పితే అదే బలం కొంత ముఖానికి లంబంగానూ, కొంత ముఖం వెంట జారేలాగానూ విడిపోతుంది. ముఖం వెంట పనిచేసే ఆ రెండో భాగమే షియర్ ప్రతిబలం, పాఠ్యపుస్తకాల్లో విరూపణ ప్రతిబలం. కోత 45 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు ఇది గరిష్ఠమై, అడ్డకోత మీది లాగుడు ప్రతిబలంలో సరిగ్గా సగం ఉంటుంది. 250 మెగాపాస్కల్‌ల లాగుడు ఉన్న కడ్డీలో 45 డిగ్రీల తలాల మీద 125 మెగాపాస్కల్‌ల షియర్ పనిచేస్తోందన్నమాట.

సాగే లోహాలు లొంగేది షియర్‌కే, ఎందుకంటే వాటి స్ఫటికాల్లో పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారడమే శాశ్వతమైన రూపమార్పు. పొర మొత్తం ఒక్కసారిగా జారాలంటే లెక్క ప్రకారం చాలా ఎక్కువ బలం కావాలి, కానీ లోహాలు అంతకంటే ఎంతో తక్కువ బలానికే లొంగుతాయి. స్ఫటికంలో ఉండే డిస్‌లొకేషన్ అనే వరుసతప్పుల వల్ల జారుడు కొద్ది కొద్దిగా పాకుతుందని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ఎవరికి వారుగా వివరించాక ఈ చిక్కు విడిపోయింది.

ఒకే బిందువు దగ్గర, ఒకే భారానికి, కోత దిశను బట్టి ప్రతిబలం మారుతుందన్న ఈ సంగతి ఒంటబడితే మిగిలిన అధ్యాయాలు సగం సులువవుతాయి. ప్రతిబలం ఎంత అన్న ప్రశ్న, ఏ తలం మీద అని చెప్పనిదే పూర్తికాదు.

మెలితిప్పినప్పుడు ప్రతిబలాలు ఎలా ఉంటాయి?

ఒక సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకుని, వంచకుండా, తడిబట్ట పిండినట్టు నెమ్మదిగా మెలితిప్పండి. అది అడ్డంగా విరగదు, చుట్టూ మరమేకు పురిలా 45 డిగ్రీల వాలులో తిరిగిన ముఖంతో విరుగుతుంది. మెలిక వల్ల అక్షానికి అడ్డంగా కోసిన ముఖం మీద ఉండేది షియర్ మాత్రమే, కానీ కోతను 45 డిగ్రీలు తిప్పితే అక్కడ అంతే పరిమాణంలో స్వచ్ఛమైన లాగుడు ప్రత్యక్షమవుతుంది. సుద్ద లాగుడుకు బలహీనం కాబట్టి ఆ తలం వెంటే విరిగింది. అదే మెత్తని ఉక్కు కడ్డీని మెలితిప్పి తెంపితే, అది షియర్‌కు లొంగే పదార్థం కాబట్టి, అక్షానికి అడ్డంగా చదునైన ముఖంతో తెగుతుంది. విరిగిన ముఖాన్ని చూసి పదార్థం స్వభావాన్నీ, దాని మీద పడిన భారాన్నీ చెప్పగలగడం వెనకున్నది ఈ జ్ఞానమే.

గుండ్రటి ఇరుసులో ఈ షియర్ నడుమ సున్నాగా ఉండి, ఉపరితలం దగ్గర గరిష్ఠమవుతుంది. మెలికను ఎదిరించే గుణం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అందువల్ల ఇరుసు లోపల సగం వ్యాసం మేర బోలుగా తొలిచేస్తే బరువు 25 శాతం తగ్గుతుంది గానీ, మెలిక దృఢత్వం తగ్గేది పదహారో వంతు, అంటే 6.25 శాతమే. వాహనాల్లో పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టులు గొట్టాలుగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

దూలం వంగినప్పుడు ఎక్కడ లాగుడు, ఎక్కడ నొక్కుడు?

రెండు చివర్లా ఆనిన దూలం మీద బరువు పెడితే పై పొరలు కుదించుకుంటాయి, కింది పొరలు సాగుతాయి, మధ్యలో సాగని, కుదించుకోని ఒక పొర ఉంటుంది. దాన్ని తటస్థ పొర అంటారు. దాని నుంచి దూరం పోయే కొద్దీ ప్రతిబలం పెరుగుతుంది. గెలీలియో 1638లో గోడలో నాటిన దూలం గురించి రాసినప్పుడు, అది కింది అంచు మీద తిరుగుతుందనీ, కోత అంతటా లాగుడే సమానంగా ఉంటుందనీ భావించాడు. ఆయన సమాధానం తప్పు, కానీ దూలం ఎత్తు పెరిగితే పటుత్వం ఆ ఎత్తు వర్గంతో పెరుగుతుందన్న ఆయన నిర్ణయం సరైనది.

30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న స్కేలును బల్ల అంచు నుంచి బయటికి పట్టుకుని, మొదట పడుకోబెట్టి, తర్వాత అంచు మీద నిలబెట్టి కొనను నొక్కి చూడండి. నిలబెట్టినప్పుడు దాని దృఢత్వం 100 రెట్లు, పటుత్వం 10 రెట్లు ఎక్కువ. ఎత్తు పది రెట్లు పెరిగి వెడల్పు పదో వంతుకు తగ్గింది, రెండూ వెడల్పుతో అనుపాతంలోనే మారతాయి గానీ దృఢత్వం ఎత్తు ఘనంతో, పటుత్వం ఎత్తు వర్గంతో పెరుగుతాయి కాబట్టే ఈ రెండు సంఖ్యలకూ అంత తేడా. ఇంగ్లిష్ ఐ అక్షరం ఆకారపు ఉక్కు దూలాల్లో లోహాన్ని పైకీ కిందికీ తోసి నడుమ పలచగా ఉంచడం వెనక ఉన్నదీ ఇదే లెక్క. పొడవు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: నడిమధ్య అదే బరువు ఉంచి ఆనుడుల మధ్య దూరాన్ని రెట్టింపు చేస్తే గరిష్ఠ ప్రతిబలం రెండింతలే అవుతుంది, కుంగుబాటు ఎనిమిదింతలవుతుంది.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును అందులో సుమారు పదో వంతే తట్టుకుంటుంది. రెండు చివర్లా ఆనిన కాంక్రీటు దూలంలో ప్రధానమైన ఉక్కు కడ్డీలను కింది భాగంలో ఉంచేది అందుకే. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన పలకలో లాగుడు పైవైపు ఉంటుంది కాబట్టి కడ్డీలు పైన ఉండాలి. పని జరిగేటప్పుడు వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తే, పలక చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ దాని బలంలో పెద్ద భాగం పోయినట్టే.

నొక్కుడు లాగుడుకు తలకిందులే కదా, వేరుగా ఎందుకు చదవాలి?

పొట్టి దిమ్మెకు అది నిజం. సన్నని పొడవైన స్తంభానికి కాదు. అదే స్కేలును నిలువుగా నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కితే, నలగడానికి ఎంతో ముందే పక్కకు విల్లులా వంగిపోతుంది. దీన్ని బక్లింగ్ అంటారు. దీనికి కావలసిన భారం పొడవు వర్గానికి విలోమంగా ఉంటుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ చూపించాడు. ఆయన సూత్రంలో యంగ్ గుణకం ఉంది, పటుత్వం లేదు. కాబట్టి మరీ సన్నని స్తంభానికి గట్టి రకం ఉక్కు వాడినా ప్రయోజనం ఉండదు.

లాగినప్పుడు కడ్డీ సన్నబడుతుందా?

అవును. అడ్డంగా కలిగే వికృతికీ, నిలువుగా కలిగే వికృతికీ ఉన్న నిష్పత్తిని పాయిజాన్ నిష్పత్తి అంటారు. ఉక్కుకు ఇది సుమారు 0.3, రబ్బరుకు 0.5కు చాలా దగ్గర, బెండుకు దాదాపు సున్నా. మన 20 మిల్లీమీటర్ల కడ్డీ వ్యాసం 100 మెగాపాస్కల్‌ల దగ్గర 0.003 మిల్లీమీటర్లు తగ్గుతుంది.

బయటి భారం ఏమీ లేకపోయినా ప్రతిబలం పుడుతుందా?

పుడుతుంది. ఉక్కు ఒక్కో సెల్సియస్ డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. కడ్డీని స్వేచ్ఛగా వదిలితే వికృతి ఉంటుంది, ప్రతిబలం ఉండదు. రెండు చివర్లనూ కదలకుండా బిగించి 30 డిగ్రీలు వేడెక్కనిస్తే, సాగదలచిన 0.00036 వికృతిని గోడలు అడ్డుకుంటాయి కాబట్టి దాదాపు 72 మెగాపాస్కల్‌ల నొక్కుడు పుడుతుంది. ఈ లెక్కలో కడ్డీ పొడవు ఎక్కడా రాలేదని గమనించాలి. పొట్టి కడ్డీ అయినా, కిలోమీటరు పొడవున్న రైలు పట్టా అయినా ప్రతిబలం అంతే. పొడవైన పట్టా పక్కకు వంకరపోవడం మాత్రం పైన చెప్పిన బక్లింగ్ పని.

చిన్న రంధ్రం వల్ల అంత నష్టమా?

వెడల్పైన పలకను లాగుతూ మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం ఉంచితే, దాని అంచున ప్రతిబలం దూరాన ఉన్నదానికి మూడు రెట్లు అవుతుందని 1898లో కిర్ష్ లెక్కగట్టాడు. రంధ్రం ఎంత చిన్నదైనా ఆ మూడు రెట్లు అలాగే ఉంటాయి. దీర్ఘవృత్తాకారపు రంధ్రం లాగుడుకు అడ్డంగా ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుందని 1913లో ఇంగ్లిస్ చూపించాడు. పొడవు వెడల్పుకు పది రెట్లుంటే అంచున ప్రతిబలం 21 రెట్లవుతుంది. పగులు అంటే ఈ వరుసలో చిట్టచివరిది. పాకుతున్న పగులు కొన దగ్గర గుండ్రటి రంధ్రం తొలిచి దాన్ని ఆపే పద్ధతి వింతగా అనిపించినా, పదునైన కొనను మొద్దుబార్చడమే దాని ఉద్దేశం.

యీల్డ్ స్థానానికి చాలా కిందే ఉన్నా భాగాలు ఎందుకు విరుగుతాయి?

భారం పదేపదే వచ్చిపోతుంటే విరుగుతాయి. దీనికి లోహపు అలసట అని పేరు. 19వ శతాబ్దంలో రైలు ఇరుసులు ఏ అసాధారణ భారమూ లేకుండా విరుగుతుంటే జర్మన్ ఇంజనీరు వోలర్ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, భారం పరిమాణం ఒక్కటే కాదు, అది ఎన్నిసార్లు మారిందన్నదీ లెక్కలోకి వస్తుందని తేల్చాడు. తిరిగే ఇరుసులో ఒక బిందువు ప్రతి చుట్టులో ఒకసారి లాగుడుకూ ఒకసారి నొక్కుడుకూ లోనవుతుంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమైనప్పుడు జరిపిన విచారణ, కేబిన్‌లో పీడనం పెరిగి తగ్గిన ప్రతిసారీ కోసిన రంధ్రాల మూలల దగ్గర ప్రతిబలం పోగుపడి పగులు పాకిందని తేల్చింది. ఒక భాగం ఎంత భారం మోస్తోందని అడిగేటప్పుడు, ఎన్నిసార్లు మోస్తోందని కూడా అడగాలి.

భారం మారకపోయినా వస్తువు కాలంతో పాటు సాగుతుందా?

కొన్ని పరిస్థితుల్లో సాగుతుంది, దాన్ని క్రీప్ అంటారు. సీసం మామూలు గది ఉష్ణోగ్రతలోనే తన బరువుకే ఏళ్ళ తరబడి మెల్లగా జారుతుంది. ఉక్కుకు ఆ స్థితి రావాలంటే కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి. అందుకే బాయిలర్ గొట్టాల విషయంలో ఎంత ప్రతిబలం అన్న ప్రశ్నతో పాటు, ఎంత వేడిలో, ఎన్ని వేల గంటలు అన్నది కూడా చూసి కొలతలు నిర్ణయిస్తారు.